ఎక్స్ యాక్సిస్‌కి 401, 414 అలారంలు: పాత ఫానక్ 0-ఎం వీఎంసీ, డ్రైవ్ మార్చాలా?

జీడిమెట్ల_జాబ్‌వర్క్:
అందరికీ నమస్కారం. జీడిమెట్లలో మాది చిన్న జాబ్‌వర్క్ షాపు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పాత తైవాన్ వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మిషన్) ఒకటి ఉంది. కంట్రోల్, అంటే మిషన్‌ని నడిపే కంప్యూటర్, ఫానక్ 0-ఎం; మోటార్లు పసుపు రంగు ఎస్ సిరీస్, వెనక ఎర్ర టోపీ ఉండే రకం. ఎక్స్, వై రెండు యాక్సిస్‌లకీ కలిపి ఒకే యాంప్లిఫయర్ (మోటార్లకు కరెంటు ఇచ్చే డ్రైవ్), జడ్‌కి వేరే.

కొన్నాళ్లుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. స్క్రీన్ మీద 401, 414 రెండూ కలిసి వస్తాయి. మొదట్లో మెయిన్ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ నడిచేది. పొద్దున బాగుండేది, మధ్యాహ్నానికి మొదలయ్యేది. ఇప్పుడు ఎమర్జెన్సీ బటన్ తిప్పి వదలగానే వచ్చేస్తోంది. ఒకాయన వచ్చి చూసి "డ్రైవ్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. రీకండిషన్ చేసిన యాంప్లిఫయర్ ధర వింటేనే టెన్షన్‌గా ఉంది. అది వేస్తే అలారం పోతుందా అంటే మాత్రం గట్టిగా చెప్పడం లేదు. డెలివరీ ఇవ్వాల్సిన ప్లేట్లు టేబుల్ మీదే క్లాంప్ చేసి ఉన్నాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

బాలానగర్_మెయింటెనెన్స్:
అప్పుడే డ్రైవ్‌కి డబ్బు కట్టకండి.

ముందు 401 సంగతి. ఒకటో, రెండో యాక్సిస్ డ్రైవ్ సిద్ధంగా లేదని మాత్రమే దాని అర్థం. మూడు, నాలుగు యాక్సిస్‌లకైతే అదే 403గా వస్తుంది. డ్రైవ్ ఏ కారణంతో ఆగినా 401 వెనకాలే వస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. వేరే అలారం లేకుండా 401 ఒక్కటే వస్తే అది ఇంకో కథ. అప్పుడు ఎంసీసీ కాంటాక్టర్ (డ్రైవ్‌కి మెయిన్ కరెంటు కలిపే స్విచ్) పడుతోందా, ఎమర్జెన్సీ లైన్ తెగిందా, డ్రైవ్‌కి సప్లై అందుతోందా అని చూడాలి. మీకు 414 కూడా ఉంది కాబట్టి అటు వెళ్లనక్కర్లేదు.

414లో మధ్య అంకె యాక్సిస్. 1 ఎక్స్, 2 వై, 3 జడ్. చివరి 4 అంటే డిజిటల్ సర్వోలో లోపం. ఏ లోపమో తెలియాలంటే అలారం ఉండగానే డయాగ్నసిస్ పేజీకి వెళ్లి 720 చూడండి. వైకి 721, జడ్‌కి 722. ఎనిమిది బిట్లు కనిపిస్తాయి. కుడి చివరది 0వ బిట్, ఎడమ చివరది 7వ బిట్. ఎడమ నుంచి వరసగా: 7 ఓవర్‌లోడ్, అంటే థర్మల్ స్విచ్ తెరుచుకుంది; 6 లో వోల్టేజీ; 5 ఓవీసీ, అంటే మోటారుకి వెళ్తున్న కరెంటును లెక్కగట్టి సాఫ్ట్‌వేరే ఓవర్‌లోడ్ అని చెప్పడం; 4 హై కరెంటు; 3 డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ లైన్) వోల్టేజీ ఎక్కువవడం; 2 రీజనరేటివ్ డిశ్చార్జ్ సర్క్యూట్, అంటే ఆగేటప్పుడు మోటారు వెనక్కి పంపే కరెంటుని ఖర్చు చేసేది; 1 ఫీడ్‌బ్యాక్ (మోటారు ఎంత తిరిగిందో చెప్పే సిగ్నల్) తెగడం; 0 ఓవర్‌ఫ్లో.

రీసెట్ కొట్టకముందు, మెయిన్ ఆపకముందు స్క్రీన్ ఫోటో తీయండి. ప్యానెల్ తలుపు తీసి యాంప్లిఫయర్ మీద ఏ అంకె వెలుగుతోందో అదీ తీయండి. మెయిన్ ఆపితే ఈ సాక్ష్యమంతా పోతుంది. మన షాపుల్లో అలారం రాగానే చేయి ముందు రీసెట్ మీదకే వెళ్తుంది. అక్కడే సగం సమాచారం పోగొట్టుకుంటాం.

జీడిమెట్ల_జాబ్‌వర్క్:
థాంక్స్ అన్నా. చూశాను. 720లో 00010000 ఉంది. 721 మొత్తం సున్నాలే. యాంప్లిఫయర్ మీద 8 వెలుగుతోంది.

ఆటోనగర్_బెజవాడ:
ఎడమ నుంచి నాలుగోది ఒకటి అంటే 4వ బిట్, హై కరెంటు. డ్రైవ్ మీద 8 అంటే ఎల్ యాక్సిస్ (రెండు యాక్సిస్‌ల డ్రైవ్‌లో మొదటి సగం) హై కరెంటు, 9 అయితే ఎం యాక్సిస్‌ది, అంటే రెండో సగానిది. మీ మిషన్‌లో ఎక్స్ ఎల్‌కి కలిపి ఉన్నట్టుంది, రెండూ సరిపోయాయి.

నా అనుభవంలో 8 లేదా 9 వస్తే ట్రాన్సిస్టర్ మాడ్యూల్ (డ్రైవ్‌లో మోటారుకి కరెంటు పంపే భాగం) షార్ట్ అయినట్టే. వచ్చినాయన చెప్పింది సరైనదే అనుకుంటున్నాను. నమ్మకం లేకపోతే డ్రైవ్ దగ్గర ఎక్స్, వై మోటారు వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. అలారం వైకి మారితే మోటారు, మారకపోతే డ్రైవ్. పది నిమిషాల పని.

బాలానగర్_మెయింటెనెన్స్:
అన్నా, ఆ మార్పిడి వద్దు. దయచేసి ఎవరూ చేయకండి. మోటారు వైర్లు మాత్రమే మార్చి ఫీడ్‌బ్యాక్ కేబుల్ అలాగే ఉంచితే, ఎక్స్‌కి ఇచ్చిన కరెంటు వై మోటారులోకి వెళ్తుంది, కంట్రోల్‌కి కదలిక మాత్రం ఎక్స్ పల్స్‌కోడర్ (మోటారు వెనక ఉండి తిరుగుడుని కొలిచేది) నుంచి అందుతుంది. ఎనేబుల్ కాగానే టేబుల్ ఎటు కుదుపు ఇస్తుందో చెప్పలేం. పైగా ఎక్స్ మోటారే ఎర్త్ అయి (వైండింగ్ కరెంటు బాడీకి కారుతూ) ఉంటే, ఇప్పటిదాకా బాగున్న వై సగాన్ని తీసుకెళ్లి దానికి తగిలించినట్టవుతుంది.

హై కరెంటు అంటే డ్రైవ్ తనలోంచి ఎక్కువ కరెంటు పోవడం చూసిందని అర్థం. ఆ కరెంటు మాడ్యూల్ షార్ట్ వల్ల పోయిందా, కేబుల్ వల్లా, మోటారు వల్లా అన్నది అలారం చెప్పదు. దాన్ని మనమే విడదీయాలి.

పీణ్య_డ్రైవ్‌రిపేర్:
బెంగళూరు పీణ్యలో డ్రైవ్‌లు రిపేర్ చేస్తాను, మాది హిందూపురం. హై కరెంటు అని నా బెంచీ మీదకు వచ్చే యాంప్లిఫయర్లలో ఏ లోపమూ లేనివి చాలానే ఉంటాయి. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. మోటారు ఎర్త్ అయిన సంగతి చూసుకోకుండా కొత్త డ్రైవ్ బిగిస్తారు, అదీ కాలిపోయి నా దగ్గరకే వస్తుంది. డబ్బు రెండుసార్లు పోతుంది.

క్రమంగా ఇలా చేయండి.

మెయిన్ ఆపి లాక్ చేయండి. 200 వోల్టుల ఏసీ రెక్టిఫై అయితే డీసీ బస్ మీద దాదాపు 283 వోల్టులు ఉంటుంది. మెయిన్ ఆపిన వెంటనే అది పోదు. చార్జ్ దీపం ఆరేదాకా ఆగండి. ఆరినా నమ్మకుండా మీటరు పెట్టి బస్ వోల్టేజీ దాదాపు సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే చేయి పెట్టండి.

తర్వాత డ్రైవ్ దగ్గర ఎక్స్ మోటారు యూ, వీ, డబ్ల్యూ వైర్లు విప్పి, కొనలకు విడివిడిగా టేపు చుట్టండి. ఏది ఎక్కడిదో ముందే గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మల్టీమీటర్ డయోడ్ స్థానంలో పెట్టి, డీసీ బస్ ప్లస్ నుంచి మూడు అవుట్‌పుట్‌లకూ, మైనస్ నుంచి మూడింటికీ కొలవండి. అంకె ఎంత అన్నదానికంటే మూడూ ఒకేలా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక దిశలో 0.3, 0.5 మధ్య ఎక్కడో వస్తుంది, తిప్పి పెడితే ఓపెన్ చూపాలి. ఏదైనా ఒకటి సున్నా చూపితే మాడ్యూల్ పోయినట్టే, అప్పుడు బెజవాడ అన్న చెప్పిందే నిజం. పక్కనే బాగున్న వై సగం ఉంది కాబట్టి దాని వైర్లూ విప్పి అవే కొలతలు తీసుకుని పోల్చుకోండి. ఇంతకంటే మంచి ప్రమాణం ఏ మాన్యువల్‌లోనూ దొరకదు.

కొలతలు బాగుంటే వై వైర్లు తిరిగి బిగించి, ఎక్స్‌వి విప్పే ఉంచి పవర్ ఇవ్వండి, ఎమర్జెన్సీ వదలండి. ఎక్స్‌ని జాగ్ (బటన్ నొక్కి కదపడం) మాత్రం చేయకండి. మోటారు తిరగదు కాబట్టి ఎక్స్ వెనకబడిందని 411 వచ్చి కొత్త గందరగోళం మొదలవుతుంది. వైర్లు లేకుండా కూడా 8 వస్తే లోపం డ్రైవ్‌లో. రాకపోతే డ్రైవ్ దాటి బయట.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. జడ్ మీద ఈ పరీక్ష ఇలా చేయకండి. వైర్లు లేకుండా ఎనేబుల్ ఇస్తే బ్రేకు వదులుతుంది, హెడ్ కిందికి దిగుతుంది. జడ్ దేన్ని విప్పాలన్నా ముందు హెడ్ కింద గట్టి కర్ర దిమ్మె పెట్టాలి. కౌంటర్ వెయిట్ ఉన్నా సరే, పెట్టాలి.

నెల్లూరు_టూల్‌రూమ్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, కొత్త చర్చ పెట్టేంత పెద్ద సమస్య కాదు. మాదీ 0-ఎం. వై యాక్సిస్ రాపిడ్‌లో (కోత లేకుండా వేగంగా జరిగేటప్పుడు) అప్పుడప్పుడు 421 అలారం. ఫీడ్‌లో (కోత కోసేటప్పుడు) ఎప్పుడూ రాదు. ఒక మిత్రుడు 505 పారామీటర్ పెంచేయమన్నాడు. పెంచవచ్చా?

బాలానగర్_మెయింటెనెన్స్:
పెంచకండి. జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటర్ మార్చినట్టవుతుంది.

504 నుంచి 507 వరకు ఉన్నవి కదులుతున్నప్పుడు పొజిషన్ ఎంత వెనకబడవచ్చో చెప్పే హద్దులు. ఆగి ఉన్నప్పటి హద్దులు 593 నుంచి 596. కదిలేటప్పుడు హద్దు దాటితే 421, ఆగి ఉండగా దాటితే 420.

యాక్సిస్ ఎంత వెనకబడాలో మీరే లెక్క కట్టవచ్చు. రాపిడ్ వేగాన్ని 60తోనూ, లూప్ గెయిన్‌తోనూ (వెనకబాటుని కంట్రోల్ ఎంత చురుగ్గా సరిచేస్తుందో చెప్పే అంకె) భాగించండి. గెయిన్ 517లో ఉంటుంది, 3000 అంటే సెకనుకు 30. రాపిడ్ నిమిషానికి 10 మీటర్లయితే 10000 బై 60 బై 30, అంటే 5.555 మిల్లీమీటర్లు. డయాగ్నసిస్ 801లో అది 5555గా కనిపించాలి. ఎక్స్‌కి 800, జడ్‌కి 802. హద్దు ఈ లెక్కకి 1.2 నుంచి 1.5 రెట్లు ఉండటం మామూలు. మీ 505 ఇప్పటికే ఆ పరిధిలో ఉంటే పారామీటర్ తప్పు లేదు, యాక్సిస్ నిజంగానే వెనకబడుతోంది.

వైని ఆ చివర నుంచి ఈ చివరకు పొడవుగా రాపిడ్‌లో నడిపి 801 చూడండి. ప్రయాణమంతా 5555 దగ్గరే ఉండి ఒక చోట మాత్రం ఎగబాకితే అక్కడ ఏదో పట్టేస్తోంది. రెండు దిశల్లోనూ చూడండి, తేడా ఉంటే అదీ రాయండి.

ఆటోనగర్_బెజవాడ:
వై అయితే ముందు టెలిస్కోపిక్ కవర్ (స్లైడ్‌ని కప్పుతూ ఒకదానిలో ఒకటి దూరే రేకులు) చూడండి. వెనక చిప్స్ కుక్కుకుపోయి రేకు వంగితే సరిగ్గా ఇలాగే చేస్తుంది. తర్వాత లూబ్రికేషన్. ట్యాంకులో ఆయిల్ ఉంటే చాలదు, పంపు కొట్టినంత మాత్రానా చాలదు. స్లైడ్ దగ్గర ఆయిల్ పొర తడి తగులుతోందా అని వేలితో తాకి చూడండి. డిస్ట్రిబ్యూటర్‌లో ఒక్క నాజిల్ మూసుకుపోతే ఆ పక్క గిబ్ (స్లైడ్ సందుని సరిచేసే పట్టీ) ఎండిపోతుంది, మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

నెల్లూరు_టూల్‌రూమ్:
లెక్క సరిపోయింది సర్. మధ్యలో 5500 చిల్లర ఉండి, వెనక్కి వెళ్లే చివర్లో 8000 దాటుతోంది. కవర్ బాగానే ఉంది. ఎడమ వైపు స్లైడ్ పూర్తిగా పొడి. డిస్ట్రిబ్యూటర్ విప్పితే ఆ నాజిల్‌లో జిగురు పేరుకుని ఉంది. మా దగ్గర హైడ్రాలిక్ ఆయిలే పోస్తున్నారట. స్లైడ్‌వే ఆయిల్ 68 తెప్పించాను, నాజిల్ కొత్తది వేశాను. ఇప్పుడు చివర్లో కూడా 5600 దాటడం లేదు. పారామీటర్ ముట్టుకోలేదు.

జీడిమెట్ల_జాబ్‌వర్క్:
పీణ్య సర్ చెప్పిన వరసలోనే చేశాను. డయోడ్ కొలతలు ఎక్స్‌కీ వైకీ ఒకేలా వచ్చాయి, ఆరింటికి ఆరూ. ఎక్స్ వైర్లు విప్పి ఎమర్జెన్సీ వదిలితే 8 రాలేదు! అలారం లేకుండా నిలబడింది. వైర్లు మళ్లీ కలిపితే వెంటనే 8.

అంటే డ్రైవ్ బాగున్నట్టే కదా? మోటారు వైర్ల మధ్య మల్టీమీటర్‌తో కొలిచాను, మూడు జతలూ సమానంగానే ఉన్నాయి. వైరు నుంచి బాడీకి పెడితే మీటరు ఏమీ చూపించడం లేదు. మరి మోటారు కూడా బాగున్నట్టే కదా?

పీణ్య_డ్రైవ్‌రిపేర్:
డ్రైవ్ దాదాపు బాగున్నట్టే. మోటారు గురించి ఇప్పుడే చెప్పలేం. మల్టీమీటర్ తన చిన్న బ్యాటరీతో కొలుస్తుంది. ఇన్సులేషన్ బలహీనత ఆ వోల్టేజీకి బయటపడకపోవచ్చు, 283 వోల్టులు తగిలినప్పుడు బయటపడుతుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు) కావాలి. ఎవరైనా మోటారు రీవైండింగ్ చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు ఖచ్చితంగా పాటించండి. వైర్లు డ్రైవ్‌కి కలిపి ఉండగా మెగ్గర్ తిప్పితే డ్రైవ్ పోతుంది. పల్స్‌కోడర్ పిన్నులకు మెగ్గర్ తగిలితే పల్స్‌కోడర్ పోతుంది. పవర్ వైర్లకూ మోటారు బాడీకీ మధ్య మాత్రమే కొలవాలి.

100 మెగా ఓమ్స్ పైన ఉంటే బాగుంది. 10 నుంచి 100 మధ్య ఉంటే క్షీణించడం మొదలైంది, నడుస్తుంది కానీ గమనిస్తూ ఉండాలి. 1 నుంచి 10 అంటే బాగా చెడింది. 1 కంటే తక్కువైతే ఆ మోటారుని డ్రైవ్‌కి కలపకూడదు.

ముందు డ్రైవ్ చివర నుంచి కేబుల్, మోటారు కలిపి కొలవండి. తక్కువ వస్తే మోటారు దగ్గర కనెక్టర్ విప్పి కేబుల్ ఒక్కదాన్ని, తర్వాత మోటారు ఒక్కదాన్ని కొలవండి. కేబుల్ కొలిచేటప్పుడు టేబుల్‌ని ఈ చివరా ఆ చివరా పెట్టి రెండుసార్లు చూడటం మంచిది. కేబుల్ ఎప్పుడూ వంగే చోట లోపల తెగి చైన్‌కి తగులుతుంటే, టేబుల్ ఒక చోట ఉన్నప్పుడే దొరుకుతుంది.

మిషిగన్_మెషినిస్ట్:
ఈ చర్చ చదువుతుంటే నా సంగతి కూడా చెప్పాలనిపించింది. ఇక్కడ గ్యారేజీలో 0-ఎం ఉన్న పాత మిల్లు పెట్టుకున్నాను. ఇళ్లకు త్రీ ఫేజ్ ఉండదు, రోటరీ ఫేజ్ కన్వర్టర్‌తో 240 సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్ చేసుకుంటాం. స్పిండిల్ ఆగేటప్పుడల్లా సర్వో లో వోల్టేజీ బిట్ వచ్చేది. కన్వర్టర్ తయారుచేసే మూడో ఫేజ్ మిగతా రెండింటిలా స్థిరంగా ఉండదు. కంట్రోల్ సప్లైకీ కాంటాక్టర్ కాయిల్స్‌కీ తీసుకున్న రెండు వైర్లలో ఒకటి ఆ మూడో ఫేజ్ మీద ఉంది. దాన్ని అసలు లైన్ల మీదకి మార్చాక మళ్లీ రాలేదు. అక్కడ జనరేటర్ మీద నడిపేవాళ్లు కూడా మూడు ఫేజ్‌ల వోల్టేజీ లోడ్ ఉన్నప్పుడు కొలిచి చూసుకోండి. ఖాళీగా ఉన్నప్పటి కొలతతో ఏమీ తెలియదు.

బాలానగర్_మెయింటెనెన్స్:
మంచి విషయం చెప్పారు. మన దగ్గర 415ని 200కి దించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, దాని ట్యాపింగ్ (ఏ వోల్టేజీ కొనకి వైరు కలిపి ఉందో) చూసేవాళ్లు తక్కువ. ఈ డ్రైవ్‌లు 200 నుంచి 230 వోల్టులకు తయారైనవి, పైకి 10 శాతం, కిందికి 15 శాతం తేడా తట్టుకుంటాయి. మీ ఏరియాలో లైన్ వోల్టేజీ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే, స్పీడులోంచి ఆగేటప్పుడు 3వ బిట్, అంటే బస్ వోల్టేజీ ఎక్కువవడం, దానివల్లే రావచ్చు. డ్రైవ్ విప్పే ముందు ట్యాపింగ్ మార్చి చూడండి.

జీడిమెట్ల_జాబ్‌వర్క్:
మెగ్గర్ దొరికింది. కేబుల్, మోటారు కలిపి 1 మెగా ఓమ్ కంటే చాలా తక్కువ. కనెక్టర్ విప్పాక కేబుల్ ఒక్కటీ టేబుల్ రెండు చివర్లలోనూ 100 పైనే. మోటారు ఒక్కటీ మళ్లీ 1 కంటే తక్కువ.

కనెక్టర్ విప్పుతుంటేనే తెల్లటి కూలెంట్ కారింది. పిన్నుల మధ్య పచ్చటి తుప్పు. మోటారు ఎక్స్ చివర టేబుల్ కింద ఉంటుంది, కనెక్టర్ నోరు పైకి తిరిగి ఉంది. పైన టెలిస్కోపిక్ కవర్ వైపర్ రబ్బరు చిరిగిపోయి, కూలెంట్ నేరుగా దాని మీదకే పడుతోంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఎందుకు ఆగేదో ఇప్పుడు అర్థమైంది. రాత్రంతా ఆరేది, కూలెంట్ ఆన్ చేసి పని చేసేకొద్దీ తడిసేది. ఇప్పుడిక ఆరడం కూడా లేదు.

మోటారుని ఎండలో పెట్టమని ఒకరు, హీట్ గన్ కొట్టమని ఒకరు అంటున్నారు.

పీణ్య_డ్రైవ్‌రిపేర్:
రెండూ వద్దు. సర్వో మోటార్లు చూసిన అనుభవం ఉన్న రీవైండింగ్ షాపుకే ఇవ్వండి. వాళ్లు ముందు పల్స్‌కోడర్ తీస్తారు, దాన్ని ఓవెన్‌లో పెట్టకూడదు. తీసేముందు షాఫ్ట్ మీదా బాడీ మీదా గుర్తులు పెట్టమని చెప్పండి. రోటర్ అయస్కాంతాల స్థానాన్ని డ్రైవ్ ఆ పల్స్‌కోడర్ ద్వారానే తెలుసుకుంటుంది. అది తిరిగి తప్పు కోణంలో కూర్చుంటే మోటారు కుదుపుతుంది, బలం ఉండదు, ఇంకో కొత్త అలారం వస్తుంది. రోటర్ బయటికి లాగాల్సిన అవసరం రాకుండా చూడమనండి. సన్న వేడి మీద నిదానంగా ఆరబెట్టి మెగ్గర్ చూడాలి. విలువ పెరుగుతూ పోయి 100 దాటి నిలబడితే వైండింగ్ బతికినట్టే. కొంత పెరిగి ఆగిపోతే రీవైండింగ్ చేయించాలి. కనెక్టర్ మాత్రం కొత్తదే వేయండి, తుప్పు పట్టినదాన్ని గీకి వాడకండి.

బాలానగర్_మెయింటెనెన్స్:
మోటారు తిరిగి బిగించాక ఒక పని మర్చిపోకండి. మోటారుని స్క్రూకి కలిపే కప్లింగ్ విప్పి బిగించారు కాబట్టి ఎక్స్ హోమ్ (మిషన్ కొలతలు మొదలయ్యే స్థానం) పక్కకి జరుగుతుంది. ఈ మిషన్‌లో హోమ్ అంటే డాగ్ (హోమ్ స్విచ్‌ని నొక్కే దిమ్మె) వదిలాక మోటారు తిరుగుడులో వచ్చే మొదటి గ్రిడ్ పాయింట్, అంటే మోటారు ఒక్కో చుట్టుకి ఒకసారి వచ్చే గుర్తు. కప్లింగ్ వేరే కోణంలో బిగిస్తే ఆ పాయింట్ స్క్రూ పిచ్‌లో ఎంత భాగమైనా జరగవచ్చు. కొద్దిగా జరిగితే 508లో గ్రిడ్ షిఫ్ట్‌తో సరిచేసుకోవచ్చు.

అసలు ప్రమాదం ఎక్కడంటే, డాగ్ వదిలే చోటుకి గ్రిడ్ మరీ దగ్గరగా పడినప్పుడు. ఒకసారి ఈ గ్రిడ్‌ని, ఇంకోసారి తర్వాతి దాన్ని పట్టుకుంటుంది. హోమ్ సరిగ్గా ఒక పిచ్ తేడాతో వస్తుంది, ఎలాంటి అలారమూ ఉండదు, టేబుల్ మీద ఉన్న జాబ్ పోతుంది. అందుకే డయల్ పెట్టి హోమ్‌కి పదే పదే పంపి చూడండి. రోజులో మొదటిసారి, మిషన్ వేడెక్కాక కూడా చూడండి. తేడా కనిపిస్తే డాగ్‌ని సగం పిచ్ జరపండి.

జీడిమెట్ల_జాబ్‌వర్క్:
మోటారు వచ్చింది. రీవైండింగ్ అవసరం రాలేదు, ఆరబెట్టాక 100 దాటి నిలబడింది. కొత్త కనెక్టర్ వేసి, బ్రాకెట్ తిప్పి దాని నోరు కిందికి వచ్చేలా బిగించాను. కేబుల్‌ని కనెక్టర్ కంటే కిందికి వేలాడదీసి పైకి తెచ్చాను, నీళ్లు పడినా కేబుల్ వెంట లోపలికి పోకుండా. వైపర్ రబ్బరు మార్చాను. 401 లేదు, 414 లేదు, కూలెంట్ ఫుల్‌గా పెట్టి సాయంత్రం దాకా నడిపాను. 800 కూడా వైతో సమానంగా చూపిస్తోంది.

హోమ్ విషయంలో బాలానగర్ అన్న చెప్పినట్టే జరిగింది. డయల్ మీద రెండు రకాలుగా వచ్చింది, సరిగ్గా ఒక పిచ్ తేడా. డాగ్ జరిపాక ఒకే చోట ఆగుతోంది. పాత జీ54 విలువలు (జాబ్ సున్నా స్థానం) వాడకుండా ప్లేట్లకు ఎడ్జ్ మళ్లీ పట్టుకున్నాను.

ఒక సందేహం మిగిలింది. ప్యానెల్‌లో మెమరీ బ్యాటరీలు ఎప్పుడు మార్చారో తెలియదు. మార్చేయవచ్చా?

బాలానగర్_మెయింటెనెన్స్:
మార్చండి, కానీ ముందు పారామీటర్లన్నీ ఆర్‌ఎస్-232 ద్వారా కంప్యూటర్‌లోకి తీసుకోండి. 900 నంబర్లలో ఉన్న ఆప్షన్ పారామీటర్లు ఆ కాపీలో ఉన్నాయో లేదో చూసుకోండి, కాగితం మీద కూడా రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. అవి పోతే మిషన్‌లో ఏ సౌకర్యాలు ఉన్నాయో కంట్రోల్‌కే తెలియదు. ఆ తర్వాత కంట్రోల్ ఆన్‌లో ఉండగానే పాత సెల్స్ తీసి, మూడూ కొత్త ఆల్కలైన్ డీ సైజువి వేయండి. మెయిన్ ఆపి మాత్రం తీయకండి.